భుజాన పలుగు, వెనక మామ్మ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇనుముకి ఉన్నంత మర్యాద మనుషులకి ఉండేది కాదు. కొడవలిని ఎక్కడ పడితే అక్కడ పడేస్తే మా నాయనమ్మ చేత చీవాట్లు తప్పేవి కావు. పారని గోడకి ఆనించేటప్పుడు దాని అంచు గోడవైపు తిప్పి పెట్టాలి. ఇక పలుగు సంగతి చెప్పనక్కర్లేదు. నడిమికి పట్టుకుని, చేతిని కిందికి వేలాడేసి, మొన ముందుకు ఉండేటట్టు తీసుకెళ్ళాలి తప్ప భుజాన వేసుకోకూడదు. చుట్టుపక్కల ఊళ్ళల్లో మగవాళ్ళు పలుగులు భుజాన పెట్టుకుని, వెనక మొన పైకీ కిందికీ ఊగుతుంటే, బీడీ కాల్చుకుంటూ దర్జాగా పోతుండేవాళ్ళు. వాళ్ళని చూసినప్పుడల్లా మా వాళ్ళదంతా చాదస్తమని నాకు చిన్నతనంగా ఉండేది.

పలుగు ఎరగని పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. మొన్న మా మనవరాలు ఫోన్లో బొమ్మ చూసి, "ఇంతేనా అమ్మమ్మా, కడ్డీయేగా" అంది. కడ్డీయే. కాకపోతే పెద్దమనిషి ఛాతీ దాకా వచ్చే ఇనుప కడ్డీ. ఒక కొన మొన తేలి, రెండో కొన పలచగా సాగి ఉంటుంది. గట్టి నేలని పెకలించాలంటే అదే దిక్కు. దాని బరువు ఫోన్లో తెలియదు.

మా తాతయ్య ఏడాది పొడుగునా మిరప చేలల్లో, పత్తి చేలల్లో కూలికి పోయేవాడు. దానితోపాటు మా పల్లెలో ఎవరైనా కన్నుమూస్తే సమాధి తవ్వే పని కూడా ఆయనదే. మాది నల్లరేగడి. వానాకాలం జిగురై పారని వదలదు, ఎండాకాలం రాయై పలుగుని దిగనివ్వదు. ఆ నేలలో మనిషి పట్టే గొయ్యి తిన్నగా తవ్వడం అందరి వల్లా అయ్యేది కాదు. అందుకని పల్లెలో అందరూ మా తాతయ్యని గౌరవించేవాళ్ళు, ఆయన పలుగుని చూసి మాత్రం కొంచెం పక్కకి తొలిగేవాళ్ళు.

సమాధుల తోట నుంచి ఇనుము ఇంటికి తేవడానికి మా తాతయ్యకి ఒక పద్ధతి ఉండేది. ఆ పలుగుని, పారని ఒకరి చేతి నుంచి ఒకరు అందుకోకూడదు. ఒకరు నేలమీద పెడితే ఇంకొకరు తీసుకోవాలి. కాలవ దగ్గరికొచ్చి వాటిని కడిగేదాకా ఎవరూ వెనక్కి చూడకూడదు. భుజాన అసలు వేసుకోకూడదు. వేసుకుంటే, అప్పుడే మట్టిలో పెట్టి వచ్చిన మనిషి వెనక కొస మీద ఎక్కి కూర్చుని మన ఇంటిదాకా వస్తుందట. "ఎక్కినట్టు తెలుస్తదా తాతయ్యా" అని అడిగితే, "తెలుస్తది. బరువు పెరుగుద్ది" అనేవాడు. చాలా మామూలుగా, రేపు మబ్బేస్తుందని చెప్పినట్టు చెప్పేవాడు. మా నాయనమ్మకి ఒళ్ళు మండేది. ప్రార్థన చేసుకునే ఇంట్లో ఈ దయ్యాల కబుర్లేంటని, ఆదివారం చర్చిలో అయ్యగారితో చెబుతానని బెదిరించేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఇనుముని మాత్రం భుజానికి ఎత్తేవాడు కాదు.

మా పక్కింట్లో ఒక మామ్మ ఉండేది. ఆమెకి నా అన్నవాళ్ళు లేరు. వయసంతా మిరప కల్లాల్లో కాయలకి తొడిమలు తీస్తూ గడిపింది. ఆ ఘాటు గొంతులో కాపురం పెట్టినట్టు ఎప్పుడూ దగ్గుతూ ఉండేది. పొడిగా, పొట్టిగా, వరసగా వచ్చే దగ్గు. గోడ అవతల ఆ దగ్గు వినపడితే మామ్మ లేచిందని మాకు తెలిసేది. ఆమెకి మా చెల్లి అంటే ప్రాణం. చెల్లి అప్పటికి ఇంకా బడి ఈడు రాని పసిది, మామ్మ పక్కలోనే నిద్రపోయేది, మామ్మ చేత్తో పెడితేనే తినేది. మామ్మ మా అమ్మతో, "దీన్ని నాకిచ్చెయ్యవే, పోయేటప్పుడు నాతోపాటు తీసుకుపోతా" అని సరదాకి అంటుండేది. మంచి రోజుల్లో అందరం నవ్వేవాళ్ళం. మామ్మ మంచం పట్టాక కూడా అదే మాట అనేసరికి అమ్మ మొహంలో నవ్వు పోయింది. చెల్లిని ఆ గుమ్మం తొక్కనివ్వడం మానేసింది. గోడ అవతల నుంచి మామ్మ చెల్లిని పిలుస్తుంటే అమ్మ వినపడనట్టు పని చేసుకునేది. నాకు మామ్మ మీద జాలి వేసేది, భయమూ వేసేది. రెండింటిలో భయమే ఎక్కువ.

మామ్మ పోయింది మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజుల్లో. పత్తి చివరి తీత కూడా అయిపోయి, చేలల్లో మోళ్ళూ, పత్తి తీసేసిన కాయల డొల్లలూ మిగిలాయి. మా నాన్న చిలకలూరిపేట జిన్నింగు మిల్లులో పనికి వెళ్ళి ఉన్నాడు. తాతయ్యే పొద్దున్నించి గొయ్యి తవ్వాడు. నేను మంచినీళ్ళ బిందె మోసుకుని ఆయన వెంట వెళ్ళాను. సాయంత్రం అయ్యగారు వాక్యం చదివి, ప్రార్థన చేసి, అందరూ తలా పిడికెడు మట్టి వేశారు. అమ్మ చెల్లిని ఇంట్లో ఉంచి, వాకిలి దాటనివ్వద్దని నాయనమ్మకి అప్పగించి వచ్చింది. గొయ్యి పూడ్చడం మొదలవగానే పల్లె మొత్తం అయ్యగారి వెనక వెళ్ళిపోయింది. మిగిలింది తాతయ్య, నేను.

పని పూర్తయ్యేసరికి పొద్దు వాలింది. తాతయ్య పారా, మట్టి తట్టా, పెట్టె దించిన మోకులూ సర్దుకున్నాడు. ఆయన కుడి భుజం ఎడమ దానికంటే ఎప్పుడూ దిగి ఉండేది. ఆ రోజు మరీ దిగిపోయింది. చెయ్యి పైకెత్తలేక ఎడం చేత్తో తట్టని నెత్తికెత్తుకున్నాడు. "పలుగు ఇక్కడే ఉండనీ అమ్మడూ. ఇయ్యి ఇంట్లో పడేసి మళ్ళీ వచ్చి తీసుకెళ్తా. నువ్వు ఖాళీ బిందె తెచ్చుకో చాలు" అని, వెనక్కి చూడకుండా దారి పట్టాడు.

నేను బిందె తీసుకున్నాను. తీసుకుని పలుగు వైపు చూశాను. పచ్చి మట్టి పక్కన పడి ఉంది. ఆ చీకటి పడే వేళ, ఆ భుజంతో, ఈయన మళ్ళీ ఇంత దూరం రావాలా అనిపించింది. నాకు తాతయ్యంటే అంత ఇష్టం. బిందెని అక్కడే బోర్లించి పలుగు పట్టుకున్నాను. ఆయన పట్టుకున్నట్టే చేత్తో వేలాడేయాలని చూశాను గాని అది నా చేతికి లొంగలేదు. రెండడుగులు వేసేసరికి మొన నేలకి తగిలి, కొస చీలమండకి కొట్టుకుంది. తాతయ్య అప్పటికే గట్టెక్కి పోతున్నాడు. ఇంకేం ఆలోచించకుండా దాన్ని భుజాన వేసుకుని ఆయన వెనక నడిచాను.

మొదట ఏమీ కాలేదు. నాకు కొంచెం గర్వంగా కూడా ఉంది. దారి పత్తి చేల మధ్య సన్నటి గట్టు. మెత్తటి మట్టి కావడంతో అడుగుల చప్పుడు లేదు. ఎవరో పత్తికట్టె తగలబెట్టిన పొగ పైకి లేవకుండా చేలమీద పరుచుకుని ఉంది. అందులో తాతయ్య నడుము దాకా కనిపిస్తున్నాడు, కాళ్ళు కనిపించడం లేదు. గాలి వచ్చినప్పుడల్లా రెండు వైపులా ఎండు డొల్లలు గలగలమంటున్నాయి. చావు జరిగిందని పల్లెవాళ్ళెవరూ ఆ రోజు పనికి రాలేదు. కనుచూపు మేరలో ఒక్క మనిషి లేడు. ఆ మైదానం అంత పెద్దదని నాకు అంతకు ముందెప్పుడూ తెలియలేదు.

కొంత దూరం పోయాక పలుగు బరువెక్కింది.

అలసిపోయానేమో అనుకున్నాను. ఇంకో నాలుగడుగులు వేశాక వెనక కొస కిందికి లాగింది. ఊరికే బరువుగా ఉండటం వేరు, లాగడం వేరు. ఇది లాగడమే. ముందు కొసని రెండు చేతులతో అదిమి పట్టుకుంటే తప్ప నిలవడం లేదు. భుజం ఎముక మీద ఇనుము ఒరుసుకుని మంట మొదలైంది. మెడ నరాలు బిగుసుకుపోయాయి. తాతయ్య మాట అప్పుడు గుర్తొచ్చింది. వద్దనుకున్నా ఆగలేదు. బరువు పెరుగుద్ది.

అప్పుడే మిరప కల్లం పక్కకి వచ్చాం. నేలంతా ఎర్రగా కాయలు పరిచి ఉన్నాయి. ఘాటు ముక్కుకి తగిలింది. నేను ఊపిరి బిగబట్టాను. నా వెనక, చాలా దగ్గరగా, ఎవరో దగ్గారు. పొడిగా, పొట్టిగా, వరసగా.

మామ్మ ఎక్కింది. నా భుజం మీద ఎక్కి ఇంటికొస్తోంది. ఎందుకొస్తోందో నాకు తెలుసు. తీసుకుపోతానన్న దాన్ని తీసుకుపోవడానికి. అమ్మ తలుపేసి దాచిపెట్టిన చెల్లి దగ్గరికి నేనే నా భుజాన మోసుకుని తీసుకెళ్తున్నాను. పలుగు పారేసి పరిగెత్తితే? అప్పుడు నడిచి వస్తుంది. దారి తెలియనిదా ఏంటి. ఏడిస్తే మామ్మకి వినపడుతుందని ఏడుపు మింగేశాను. నాకొచ్చిన ప్రార్థన మొదలుపెట్టి మధ్యలోనే మర్చిపోయాను.

చివరికి ఒకటే తోచింది. వెనక్కి తిరిగి మామ్మ మొహం మీదే చెప్పేయాలి. మా చెల్లి జోలికి రావద్దు, కావాలంటే నేనొస్తాను అని. అంత భయంలో ఆ తెగింపు ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. ఆగాను. ఒక్కసారిగా గిర్రున తిరగాలని మడమ మీద బరువు మోపాను.

"తిరగమాక" అన్నాడు తాతయ్య.

పెద్దగా అరవలేదు. వెనక్కి చూడను కూడా లేదు. ముందుకే చూస్తూ ఉన్నచోట నిలబడిపోయాడు. నా ఆయాసం విని పోల్చుకున్నాడేమో, "పలుగు భుజానుందా" అని అడిగాడు. ఉందన్నాను. "సరే. అటూ ఇటూ కదలమాక. వెన్ను వంచకుండా మోకాళ్ళు వంచి, నిదానంగా కిందికి కూర్చో. పలుగుని నేలకి దించు. దించి, చేతులు తీసేసి చెప్పు. అప్పటిదాకా ఎవురు పిలిచినా వెనక్కి తిరగమాక."

చెప్పినట్టే చేశాను. ఆ క్షణం నేను బతికి ఉన్నంత కాలం మర్చిపోలేను. నేను ముందు కొసని దించుతుంటే, వెనక కొస దానంతట అది పడిపోలేదు. నాతోపాటే, నా అంత నిదానంగా, ఎవరో పట్టుకుని దించినట్టు దిగి మట్టిలో ఆనింది.

దించానని చెప్పాను. తాతయ్య తన పారని, తట్టని నేలమీద పెట్టాడు. ఆ తరవాత, కాలవ ఇంకా రాకుండానే, తను పెట్టిన పద్ధతిని తనే తప్పి వెనక్కి తిరిగాడు. నా తల మీదుగా చూశాడు. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. నన్ను దాటి నా వెనక్కి వెళ్ళి, అక్కడ మోకాళ్ళ మీద కూర్చున్నాడని చప్పుడుని బట్టి తెలిసింది. అప్పుడు, "ఇంక తిరుగమ్మా" అన్నాడు.

చెల్లి. ఒంటి మీద గౌనుతో, కాళ్ళకి నల్లమట్టితో, మిరప ఘాటుకి కళ్ళవెంట నీళ్ళు కారుతూ నిలబడి ఉంది. మళ్ళీ ఒకసారి దగ్గింది. మామ్మ పక్కలో పడుకుని పడుకుని దానికి కూడా మామ్మలాంటి దగ్గు అలవాటైందని అప్పటిదాకా ఎవరం గమనించలేదు. నాయనమ్మ కన్నుగప్పి మామ్మని వెతుక్కుంటూ సమాధుల తోటకొచ్చింది. తిడతామని చెట్టు చాటున ఉండిపోయి, మేం బయలుదేరాక వచ్చి నా వెనక పలుగు కొస పట్టుకుంది. చీర కొంగు పట్టుకుని నడిచినట్టు దాన్ని పట్టుకుని అంత దూరం నడిచింది.

తాతయ్య పలుగు మొనని పైకెత్తి, నా భుజం మీద ఉన్నప్పుడు ఎక్కడ ఉండి ఉంటుందో అక్కడ పట్టుకున్నాడు. అది చెల్లి ఎడమ కంటికి ఎదురుగా ఉంది. మధ్యలో జానెడు కూడా లేదు. నేను తిరగాలనుకున్నది గిర్రున, ఉన్న బలమంతా పెట్టి. తాతయ్య నాకేసి చూశాడు. నేను కూడా చూశాను. ఆయన ఒక్క మాట కూడా తిట్టలేదు. పలుగుని దూరంగా పెట్టి చెల్లిని గుండెకి హత్తుకున్నాడు.

"ఎందుకు పట్టుకున్నావే" అని అడిగాను. చెల్లి నా వంక వింతగా చూసింది. "మామ్మ పట్టుకోమంది. అక్క ఇంటికి తీసుకెళ్తది, వదలమాక అంది" అని చెప్పింది.

డొల్లలు గలగలమన్నాయి. తాతయ్య దాన్ని మరి ఏమీ అడగలేదు. నన్నూ అడగనివ్వలేదు.

అక్కడి నుంచి పలుగు ఇంటికి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. తాతయ్య తట్టని నెత్తిన పెట్టుకుని, పారని ఒక చేత వేలాడేసుకుని, పలుగు వెనక కొస రెండో చేత పట్టుకున్నాడు. ముందు కొస నన్ను నేలమీద నుంచి ఎత్తి పట్టుకోమన్నాడు. మా ఇద్దరి మోకాళ్ళ పక్కన అది వేలాడుతూ వచ్చింది. చెల్లి అందరికంటే ముందు, మా కళ్ళెదురుగా నడిచింది. ఎవరికి చెయ్యి నొప్పెడితే వాళ్ళు ఆగుదామని చెప్పాలి, ఇద్దరం కలిసి దించాలి, చెయ్యి మార్చుకుని కలిసి ఎత్తాలి. ఇందాక నన్ను నలిపేసిన బరువు ఇదేనా అనిపించింది.

కాలవలో ఇనుము కడుగుతూ తాతయ్య తన చొక్కా జరిపి కుడి భుజం చూపించాడు. ఎముక మీద చర్మం గిట్టలా గట్టిపడి ఉంది. వయసులో ఉన్నప్పుడు ఎవరెంత చెప్పినా వినకుండా ప్రతి బరువూ అదే భుజాన మోశాడట. "దీని మీద ఎవురూ కూర్చోలేదు. అయినా ఒంగిపోయింది" అన్నాడు. ఒంటిభుజాన ఇనుము పెడితే నడుము ఒక పక్కకి గుంజుద్దనీ, అలసినకొద్దీ ఆ బరువే రెట్టింపైనట్టు ఉంటుందనీ, అన్నిటికంటే ముఖ్యంగా వెనక కొస మన కంట పడదనీ చెప్పాడు. భుజాన ఇనుముతో వెనక్కి తిరిగితే మనకంటే ముందు ఇనుము చూస్తుందన్నాడు.

నేను ఉండబట్టలేక అడిగాను, దగ్గు విని చెల్లి అని కనిపెట్టావా అని. ఆయన పలుగుని నీళ్ళలో అటూ ఇటూ తిప్పాడు. "లేదమ్మా. నాకూ మామ్మ దగ్గులాగే వినపడింది" అన్నాడు. మరి తిరగొద్దని ఎందుకన్నావంటే, "ఎవురైతే ఏంది. ఎనకున్నోళ్ళు ఎనకున్నోళ్ళేగా. మామ్మకి మాత్రం తగలొచ్చా" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ వీధి వీధీ తిరిగి వెతుకుతోంది. నాయనమ్మ అరుగు మీద కూలబడి ఏడుస్తోంది. చెల్లిని చూసి అమ్మ ముందు ఒకటి వేసింది, ఆ తరవాత ఎత్తుకుని వదల్లేదు. ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. నా భుజం మీద కమిలిన మచ్చ చాలా రోజులు ఉంది. జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేచేది కాదు. నాయనమ్మ రాత్రుళ్ళు వెచ్చటి ఆముదం రాస్తూ, ఈ ముసలాడి కబుర్లే నా మనవరాలి భుజం మీద కూర్చున్నాయని సణిగేది. తాతయ్య అప్పుడు కూడా నవ్వి ఊరుకున్నాడు.

చెల్లి ఇప్పుడు ఒంగోల్లో ఉంటుంది. దానికీ మనవలున్నారు. ఎప్పుడన్నా ఈ మాట ఎత్తితే, అక్కా నీకేదో కలొచ్చి ఉంటుందని కొట్టిపారేస్తుంది. దానికి పలుగు గుర్తు లేదు, ఆ సాయంత్రం గుర్తు లేదు, చివరికి అంత ప్రేమగా చూసిన మామ్మ మొహం కూడా గుర్తు లేదు. నాకు అదే బాధ. మామ్మ తీసుకుపోవడానికి రాలేదని, ఒకవేళ వచ్చి ఉంటే చెల్లిని క్షేమంగా ఇంటికి పంపడానికే వచ్చి ఉంటుందని నాకు నమ్మకం. ఆమెకి భయపడి బతికి ఉండగా గోడ అవతల అలా పిలవనిచ్చామే అని మనసు కలుక్కుమంటుంది.

ఇప్పుడు మా రోడ్డు మీద పొద్దున్నే మిరప కోతకి ఆటోలు పోతుంటాయి. కుర్రాళ్ళు మోటారు సైకిలు మీద పార అడ్డంగా పెట్టుకుని సందుల్లో మలుపు తిరుగుతుంటారు. నేను వాకిట్లో నుంచే కేకలేస్తాను. "ఒరేయ్, ఆ పార నిలువునా పట్టుకోరా, వెనక చూసుకోరా" అంటే, "ఎవరూ లేరు లేవే మామ్మా" అని నవ్వుతూ పోతారు. మా కోడలు నాకు చాదస్తం పెరిగిందంటుంది. నేను కాదనను.

నిన్న పెరట్లో దోటి పట్టుకుని మునగకాయలు కోశాను. కోసి, ఇంట్లోకి వద్దామని తిరగబోతూ, ముందు కర్రని నేలకి దించాను. దించి, చేతులు తీసేసి, అప్పుడు నిదానంగా వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఉండి ఉంటే మాత్రం, వాళ్ళెవరైనా సరే, తగిలేది కాదు.